కాకి తరఫున

మా దోసలంకలో విమానాశ్రయం ఉందంటే ఎవరూ ఒక పట్టాన నమ్మరు. గోదావరి పాయ రెండుగా చీలి మళ్ళీ కలిసేలోగా మధ్యన మిగిలిపోయిన ఒండ్రుమట్టి ముక్క మా లంక. కొబ్బరితోటలు, దోసపాదులు, గేదెలు, వాటితోపాటు మేమూ ఉంటాం. ఊళ్ళోకి రావాలంటే పంటు ఎక్కాలి. పంటంటే రెండు పడవల మీద బల్లలు పరిచి ఇంజను బిగించినది. మనుషులు, మోటారుసైకిళ్ళు, గడ్డిమోపులు, పెళ్ళివారు అందరూ దానిమీదే ఏరు దాటుతారు. వంతెన కట్టించండి బాబూ అని మా తాతలనాటి నుంచీ అర్జీలు పెట్టుకుంటున్నాం. వంతెనకి నిధులు లేవన్నారు. విమానాశ్రయానికి ఉన్నాయట. వద్దంటే అదీ పోతుందని పుచ్చుకున్నాం.

విమానాశ్రయంతోపాటు సదుపాయాలు వచ్చాయి. చంటిపిల్లలకి పాలివ్వడానికి ఒక గది, పొగ తాగడానికి ఒక గది, ధ్యానం చేసుకోడానికి ఒక గది, పెద్దమనుషులు కూర్చోడానికి మెత్తటి సోఫాలున్న గది. సామాను తిరిగే బెల్టు కూడా ఉంది. వారానికి రెండుసార్లు తొమ్మిదిమంది పట్టే విమానం వస్తుంది. అందులో ఎవరైనా ఒక సంచీతో దిగితే ఆ సంచీ బెల్టు మీద తిరగడం చూడ్డానికి ఊళ్ళో ముసలివాళ్ళు ఎండనపడి వెళ్తారు. విమానం దిగినవాళ్ళు మళ్ళీ పంటెక్కి అవతలికి వెళ్ళిపోతారు. దోసలంకలో వాళ్ళకేం పని?

భూములిచ్చిన ఇళ్ళకి ఇంటికో ఉద్యోగం ఇచ్చారు. నాకు దక్కింది 'కనిష్ఠ విహంగ ప్రమాద నివారణ సహాయకుడు'. మామూలు మాటల్లో చెప్పాలంటే కాకులు తోలేవాణ్ణి. నీలం చొక్కా, మెడలో ఫొటో ఉన్న బిళ్ళ, ఒక నూనెడబ్బా రేకు, ఒక కర్ర, సంచీనిండా సీమటపాకాయలు. ఉద్యోగం పురుషలక్షణం అన్నారు గాని ఏ ఉద్యోగమో చెప్పలేదు కదా. నేను మాత్రం నా పని మనసుపెట్టే చేశాను.

ఇంతకీ కాకుల మీద ఇంత పగ ఎందుకంటే, ప్రారంభోత్సవం రోజున రిబ్బను కత్తిరిస్తున్న పెద్దమనిషి శాలువా మీద ఒక కాకి తన అభిప్రాయం వెలిబుచ్చింది. పక్కనే నిలబడి ఉన్నారు మా సంచాలకులు అనంతశయనంగారు. విమానాశ్రయానికి పై అధికారి ఆయనే. మనిషి మంచివాడే. ఎవర్నీ నువ్వు అనరు. కానీ ఆయన మాట్లాడితే గోడకి అంటించిన నోటీసు లేచి నిలబడి మాట్లాడినట్టుంటుంది. ఆ సాయంత్రమే మమ్మల్నందర్నీ వరసగా నిలబెట్టి, "ఈ క్షేత్రపరిధిలో కాకసంచారము శూన్యస్థాయికి తీసుకురాబడవలెను" అన్నారు. ఎవరు తీసుకురావాలో ఆయన వాక్యాల్లో ఎప్పుడూ ఉండదు. పనులన్నీ వాటంతట అవే చేయబడతాయి. ఆ పూట మాత్రం అందరూ నావైపు చూశారు.

మొదట రన్వే మీద తోలాను. కాకులు కొబ్బరిచెట్ల మీదికి పోయాయి. చెట్ల మొవ్వులకి వలలు కట్టించారు. కాకులు పెరళ్ళలోకి దిగాయి. పెరట్లో ఎంగిలి పారబోయరాదని ఉత్తర్వు వచ్చింది. చేపలు ఎండబెట్టరాదన్నారు. ఎండబెట్టాలంటే దోమతెర కట్టి, లోపల ఒక మనిషి కూర్చోవాలి. వడియాలు డాబా మీద పెట్టడానికి ముందస్తు అనుమతి కావాలన్నారు. నేను మా వీధిలోనే మూడిళ్ళ గుమ్మడి వడియాలు స్వాధీనం చేసుకున్నాను. అందులో ఒకటి మా అత్తగారిది. ఆవిడ నాతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడదు. లోకులు పలుకాకులు అని ఎవరో సంచాలకులవారి ముందు సామెత చెబితే, ఆ విషయం కూడా పరిశీలించబడుతుందని అన్నారట. అది మాత్రం అబద్ధమే అయ్యుంటుంది.

మొత్తానికి కాకులకి విసుగొచ్చింది. ఒక మధ్యాహ్నం ఆఖరి కాకి నీళ్ళట్యాంకు మీంచి లేచి ఏరు దాటి అవతలి ఒడ్డుకి పోయింది. అనంతశయనంగారు చప్పట్లు కొట్టారు. నాకు కొబ్బరిచిప్ప ఆకారంలో ఒక జ్ఞాపిక ఇచ్చారు. 'పక్షిరహిత విమానాశ్రయ పురస్కారం' అని దేశంలో కొత్తగా ఒకటి మొదలెట్టారట. దానికి మా లంక పేరు పంపారు.

కాకుల్లేకపోతే ఏం నష్టం అనుకున్నాం. చిన్నచిన్న ఇబ్బందులు వచ్చాయి. గోడమీద కాకి అరవకుండానే చుట్టాలు దిగిపోవడం మొదలైంది. బియ్యం నానబోసుకునే వ్యవధి కూడా లేదని ఆడవాళ్ళు సణిగారు. అంతకు మించి ఎవరికీ ఏమీ తోచలేదు. మా బావ పోయేదాకా.

మా బావ బుల్లబ్బాయి పంటు నడిపేవాడు. మా అక్క మంగతాయారు మొగుడు. మధ్యాహ్నం భోంచేసి, పంటు నీడలో నడుం వాల్చి, మళ్ళీ లేవలేదు. ఎవరినీ ఇబ్బంది పెట్టని చావు. పదోరోజున రేవులో మా మేనల్లుడు ఏడుకొండలు పిండం పెట్టాడు. మంత్రం చెప్పడానికి అవతలి ఒడ్డునుంచి అవధానులుగారు వచ్చారు.

మా వైపు నమ్మకం ఏమిటంటే, పోయినవాళ్ళు కాకి రూపంలో వచ్చి పిండం ముడితే తృప్తిగా వెళ్ళినట్టు. కాకి ముట్టకపోతే మనసులో ఏదో కోరిక మిగిలిపోయినట్టు. అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరే ముందుకొచ్చి నీ ఫలానా కోరిక మేం తీరుస్తామని మాటివ్వాలి. సరైన మాట పడగానే కాకి దిగుతుంది. కాకి ముట్టాకే ఇంటిల్లిపాదీ అన్నం తింటారు.

ఆకులో పిండం పెట్టి అందరం ఎడంగా నిలబడి ఆకాశం వైపు చూశాం. ఆకాశం శుభ్రంగా ఉంది. నేనే శుభ్రం చేశాను.

"నాన్నా, పంటుకి కొత్త ఇంజను ఏయిస్తాను. రా నాన్నా" అన్నాడు ఏడుకొండలు.

ఏమీ రాలేదు. పక్కచేను రామలింగం కండువా తీసి ముందుకొచ్చాడు. గట్టు విషయంలో అతనికీ మా బావకీ ఏళ్ళ తరబడి తగాదా. "బుల్లబ్బాయ్, ఆ గట్టు నీదేరా. ఊరందరి ముందూ ఒప్పుకుంటన్నాను. దిగరా నాయనా, ఎండెక్కిపోతంది" అన్నాడు. అయినా లేదు. ఎప్పుడో తీసుకెళ్ళిన వల ఒకడు తిరిగిస్తానన్నాడు. తోడికోడళ్ళిద్దరు మళ్ళీ మాట్లాడుకుంటామని చెంపలేసుకున్నారు. మా బావకి ఏ కోరిక ఉందో తెలీక, ఊళ్ళో ఎవరికి గుర్తొచ్చిన తప్పు వాళ్ళు దిద్దుకున్నారు. మిట్టమధ్యాహ్నానికి దోసలంకలో తగాదా అన్నది లేకుండా పోయింది. పిండం మాత్రం అలాగే ఉంది.

"ఆయనకి కోరికలేం మిగల్లేదురా తాతారావ్" అంది మా అక్క. "కాకే మిగల్లేదు."

అందరూ నా నీలం చొక్కా వైపు చూశారు. నాకు సిగ్గేసింది. చొక్కా విప్పి ఏట్లో పారేద్దామనిపించింది.

అవధానులుగారు సర్దిచెప్పబోయారు. "పోనీ ఆవుకి పెట్టండమ్మా. లేదా గోదాట్లో వదిలేద్దాం. ఆపద్ధర్మం ఉంది."

"ఆవులూ చేపలూ ఆయన్ని ఎరగవండి. తెల్లారగానే పంటు మీద మొదటి ముద్ద కాకులకి పెట్టాకే ఆయన తినేవాడు. ఆయన్ని ఎరిగినోళ్ళే రావాలి. వచ్చేదాకా నేను ముద్ద ముట్టను."

అవతలి ఒడ్డుకి తీసుకెళ్ళి పెడదామని ఎవరో అన్నారు. కాయం కాలిన రేవులోనే పిండం, ఏరు దాటించకూడదని అవధానులుగారు తల అడ్డంగా ఊపారు. అదీ పోయింది. పదమూడో రోజుదాకా రోజూ పెట్టి చూడవచ్చని మాత్రం చెప్పారు.

"ఈ ఉద్యోగం మానేస్తానక్కా" అన్నాను ఇంటికి నడుస్తూ.

"నువ్వు మానేస్తే ఇంకోణ్ణి ఎడతారు. ఆడు నీకంటే గట్టిగా కొడతాడు. దానికంటే ఎల్లి ఆ పెద్దాయన్ని అడుగు."

వెళ్ళి అడిగాను. అనంతశయనంగారు నన్ను కూర్చోమన్నారు.

"మీ బావగారి నిర్యాణమునకు సంస్థ తరఫున ప్రగాఢ సంతాపం, తాతారావు. అయితే కాకి విషయంలో సంస్థ వైఖరి సుస్పష్టం."

"ఒక్క కాకండి. ఒక్క అరగంట. అక్క మెతుకు ముట్టట్లేదండి."

"నేడు ఒక కాకి. రేపు దాని బంధుమిత్ర సపరివారం. శుక్రవారం పురస్కార సంఘం తనిఖీకి వస్తున్నది. ఆ రోజున ఇక్కడ ఒక్క ఈక కనబడినా మన కృషి యావత్తూ వ్యర్థం." కాసేపు కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ తెరిచి, "చింతించకండి. మన విమానాశ్రయంలో లేని సదుపాయం లేదు. లేనిచో కల్పించబడుతుంది" అన్నారు.

సాయంత్రానికల్లా కల్పించబడింది. బ్యాటరీ కాకి. నల్లటి ప్లాస్టిక్ ఒళ్ళు, ఎర్ర కళ్ళు. మీట నొక్కితే తల వంచి ముక్కుతో పొడుస్తుంది, కావుమంటుంది. దాన్ని ఎర్రగుడ్డ కప్పిన బల్ల మీద పెట్టి రేవుకి మోసుకొచ్చారు. అనంతశయనంగారు స్వయంగా మీట నొక్కారు. కాకి తల వంచింది. పిండానికి రెండంగుళాల ఎడంగా ఇసకలో పొడిచి కావుమంది. ఆపడం ఎవరికీ తెలీక చాలాసేపు ఇసకనే పొడిచింది.

మా అక్క దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "బాబుగారూ, దీంట్లోకి మా ఆయన రావాలంటే బ్యాటరీ తియ్యాలా, ఉంచాలా?" అని అడిగింది.

ఆయన కాకిని బల్లతో సహా వెనక్కి మోయించారు. కానీ పట్టుదల గల మనిషి. మర్నాడు, బుధవారం విమానంలో పట్నం నుంచి అసలైన కాకిని తెప్పించారు. పంజరంలో పెట్టి, టీకా వేయించి, ఆరోగ్యపత్రం, టిక్కెట్టుతో సహా దించారు. నిబంధన ప్రకారం అది దోసలంక కాకి కాదు, మార్గమధ్యంలో ఉన్న ప్రయాణికుడు. అందువల్ల మా కాకిరహిత హోదాకి భంగం లేదు. ప్రయాణికుడు కాబట్టి సోఫాల గదిలో కూర్చోబెట్టారు. ప్రయాణికుడు కాబట్టి భద్రతావలయం దాటి బయటికి రాకూడదు.

"అయితే పిండం లోపలికి తీసుకొస్తామండి" అన్నాను.

"బయటి ఆహారపదార్థములు అనుమతించబడవు. లోపలి ఉపాహారశాలలో కొనుగోలు చేయవలెను."

ఉపాహారశాలలో ఉత్తన్నం లేదు. వెజ్ పులావు ఉందన్నారు. పులావుతో పిండం పెట్టించడం తన జన్మలో లేదని అవధానులుగారు ఖండితంగా చెప్పారు. చివరికి ఒక ఏర్పాటు జరిగింది. అద్దాల గోడకి లోపల కాకి, బయట మట్టిలో పిండం. అక్కని ఇద్దరు ఆడవాళ్ళు రెక్కలు పట్టుకుని నడిపించుకొచ్చారు. అప్పటికే కళ్ళు లోపలికి పోయాయి, కాళ్ళు తడబడుతున్నాయి. లోపల కాకి ఎవరో పెట్టిన కట్లెట్టు సుబ్బరంగా తిని, సోఫా చేతిమీద ముక్కు తుడుచుకుని, అద్దం దగ్గరికి వచ్చి రెండుసార్లు పొడిచింది.

"ముట్టుటకు ప్రయత్నం జరిగినది" అన్నారు అనంతశయనంగారు ఉత్సాహంగా. "దీనిని పాక్షిక సాఫల్యముగా నమోదు చేయవచ్చు."

"పాక్షికం అంటే ఏంటండి?" అంది అక్క.

"సగం అన్నమాట."

"అయితే మా ఆయన సగవే ఎల్లాడంటారు. మిగతా సగం ఎక్కడున్నాడండి? ఎండలో ఉన్నాడా? ఆడికి ఎవరెడతారు కూడు?"

ఈసారి నవ్వు రాలేదు ఎవరికీ. కాకి సాయంత్రం విమానంలో తిరిగి వెళ్ళిపోయింది. దానికి కిటికీ పక్క సీటు ఇచ్చారు.

ఆ రాత్రి, మర్నాడు నేను మజ్జిగ్లాసు పట్టుకుని అక్క చుట్టూ తిరిగాను. గోదారినీళ్ళు తప్ప ఇంకేమీ గొంతు దిగనివ్వలేదు. "కాపురానికొచ్చిన కాణ్ణుంచి ఆయన తినకుండా నేను తిన్న పూట లేదురా. ఇప్పుడు మొదలెట్టమంటావా?" అంది. నేను ఇవతలికి వచ్చి గోడకి ఆనుకుని ఏడ్చాను. ఇంత ఉద్యోగం చేసి నేను సాధించింది ఇదా అనిపించింది. ఏడుకొండలు అవతలి ఒడ్డునుంచి ఒక కాకిని గంపకింద పెట్టి పంటు మీద తెచ్చాడు. రేవులో గంప ఎత్తగానే అది నన్ను, నా చేతిలో రేకునీ చూసి, వచ్చిన దారినే ఎగిరిపోయింది. నేను రేకు కొట్టలేదు. ఊరికే పట్టుకున్నానంతే. అంత బాగా చేశాను నా పని.

శుక్రవారం వచ్చింది. అదే పదమూడో రోజు. ఆ పూట దాటితే ఇక పిండం లేదు. తెల్లారేసరికి మా అక్కని నులకమంచంతో సహా మోసుకెళ్ళి విమానాశ్రయం గేటు ముందు దించారు ఊరి ఆడవాళ్ళు. చుట్టూ వాళ్ళూ కూర్చున్నారు.  పురస్కార సంఘం విమానం ఇంకో గంటలో దిగుతుంది. గేటు ముందు నిరాహారంతో పడి ఉన్న విధవరాలు అతిథి సదుపాయాల జాబితాలో లేదు.

అనంతశయనంగారు లోపలా బయటా తిరిగారు. గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. బయటికి వచ్చినప్పుడు ఆయన ముఖం వెలిగిపోతోంది. చేతిలో ఒక కాగితం, దానికింద ఆకుపచ్చ సిరా సంతకం. మంచం ముందు నిలబడి గట్టిగా చదివారు.

"కాకసంచార నిషేధము వలన ఏర్పడిన విధినిర్వహణ లోపమును పూరించు నిమిత్తం, కాకులను తొలగించిన అధికారియే తదుపరి ఉత్తర్వుల వరకు దోసలంక పరిధిలో సకల ప్రయోజనముల నిమిత్తం కాకిగా పరిగణించబడును. సదరు కాకి, కీర్తిశేషులు బుల్లబ్బాయి పిండమును ముట్టినట్లు ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." కాగితం మడిచి, "ఇక భోజనం చేయండమ్మా" అన్నారు.

అక్క మెల్లగా లేచి కూర్చుంది. "ముట్టినట్టు రాశారు. ముట్టారా?"

"రాయడమంటేనే ముట్టడం, అమ్మా. కార్యాలయంలో రెంటికీ భేదం లేదు."

"మా ఆయన కార్యాలయంలో చెయ్యలేదండి. పంటు మీద చేశాడు. కాకినని మీరే ఒప్పుకున్నారు. వచ్చి తినండి మరి."

ఆయన అవధానులుగారి వైపు చూశారు, కాపాడమన్నట్టు. అవధానులుగారు నాలుగు రోజులుగా ఏరు దాటి దాటి విసిగి ఉన్నారు. "కాకిగా పరిగణించబడినవారు కాకిగా రావడమే సంప్రదాయం" అన్నారు.

అంతలో తూర్పున విమానం చప్పుడు వినిపించింది. అనంతశయనంగారు ఆకాశం వైపు చూశారు, మంచం వైపు చూశారు. "త్వరగా పూర్తిచేయబడాలి" అని రేవు వైపు గబగబా నడిచారు. ఊరంతా వెనకాలే వెళ్ళింది.

ఏడుకొండలు ఆకు పరిచి పిండం పెట్టాడు. ఆయన కోటుతోనే గొంతుక్కూర్చుని చెయ్యి చాచబోయారు.

"చేత్తో కాదండి. కాకులకి చేతులుండవు" అన్నారు అవధానులుగారు.

ఆయన చేతులు వెనక్కి కట్టుకున్నారు. ముందుకి వంగారు. ఆగి, "అరవవలెనా?" అని అడిగారు.

"అరిస్తేనే కదండీ వచ్చింది తెలిసేది."

"కావ్" అన్నారు అనంతశయనంగారు, ఎవరికీ వినబడకుండా.

"అదేంటండీ, మా ఆయన గొంతు రెండొడ్లకీ వినపడేది" అంది అక్క.

"కావ్! కావ్!" అని ఆయన కళ్ళు మూసుకుని, తల వంచి, పిండాన్ని ఒక కొరుకు కొరికారు. మీసాలకి నువ్వులు అంటుకున్నాయి. మింగారు కూడా. మేం నవ్వుదామనే సిద్ధంగా ఉన్నాం. కానీ అక్క ఆడవాళ్ళ చేతులు విడిపించుకుని వెళ్ళి, ఆయన ఎదురుగా ఇసకలో కూలబడింది.

"తిన్నావా?" అంది. ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. మొగుడితో గదిలో మాట్లాడే గొంతు అయ్యుంటుంది. "ఇన్ని రోజులు ఆకలితో ఉన్నావు. కడుపు నిండిందా? ఇంక ఎల్లు. పంటు సంగతి అబ్బాయి చూసుకుంటాడు. నా గురించి బెంగెట్టుకోకు."

అనంతశయనంగారు నోటినిండా మెతుకులతో ఆవిడ వైపు చూసి, నిండిందన్నట్టు తల ఊపారు. ఎందుకు ఊపారో నాకు తెలీదు. ఆయనకీ తెలిసుండదు. రేవులో ఒక్క మనిషి నవ్వలేదు. నేను చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాను.

"కాకి ముట్టింది" అన్నారు అవధానులుగారు.

అప్పటికి పురస్కార సంఘం ముగ్గురూ మా వెనకాల నిలబడి ఉన్నారు. విమానాశ్రయంలో ఎవరూ కనబడకపోతే జనం ఉన్నవైపు నడిచి వచ్చారట. వాళ్ళకి అధ్యక్షురాలు తెల్లచీర, లావాటి కళ్ళద్దాలు, చేతిలో పెన్ను ఉన్న పెద్దావిడ. నా మెడలో బిళ్ళ చదివి, నన్నే అడిగింది. "సహాయకుడా, ప్రస్తుతం ఈ లంకలో కాకుల సంఖ్య ఎంత?"

నేను అబద్ధం ఆడలేదు. "ఒకటండి."

"తాతారావు! ఏమి పలుకుతున్నారు!" అంటూ అనంతశయనంగారు లేచారు.

"ఉత్తర్వు తమరిదే కదండి" అని, ఇసకలో పడిన కాగితం తీసి ఆవిడ చేతికిచ్చాను. ఆవిడ మొదటి నుంచి చివరిదాకా చదివింది. సంతకం దగ్గర కళ్ళద్దాలు పైకి జరిపి చూసింది. ఆవిడా ఆ భాష మనిషే.

"పత్రం సక్రమముగా ఉన్నది. సకల ప్రయోజనముల నిమిత్తం అని స్పష్టముగా ఉన్నది. శూన్యస్థాయి అనగా శూన్యస్థాయే. కాకిలో పెద్దదీ చిన్నదీ అను భేదం విధానంలో లేదు. మరి నివారణ చర్యలు ఎందుకు ఆరంభించబడలేదు?"

"ఉత్తర్వును రద్దు చేస్తున్నాను! ఇప్పుడే! కలం ఇవ్వండి!"

"కాకికి సంతకాధికారం లేదు" అంది ఆవిడ, పెన్ను మూత పెట్టుకుంటూ.

అందరూ నావైపు చూశారు. నేను రేకు తీశాను. ఒకటే దెబ్బ వేశాను, మర్యాదగా. ఆయన ఒక అడుగు వెనక్కి వేశారు. రెండోది కాస్త గట్టిగా వేశాను. "నేను మీ సంచాలకుణ్ణి!" అని అరిచారు. "ఆ సంగతి అవతలికెళ్ళి చెప్పండి సార్" అన్నాను. సీమటపాకాయ పేలేసరికి ఆయన బూట్లు ఇసకలో జారుతూ పంటు వైపు పరుగెత్తారు. రామలింగం కండువా ఊపాడు. మా అత్తగారు పంటు దాకా "హుష్" అంటూ తరిమింది. ఏడుకొండలు ఇంజను తిప్పాడు. ఏరు మధ్యకి వెళ్ళేదాకా నేను రేకు వాయిస్తూనే ఉన్నాను. శిక్షణలో అలాగే నేర్పారు.

వెనక్కి తిరిగేసరికి అక్క ఆకు ముందు కూర్చుంది. ఎవరో వేడన్నంలో పప్పు కలిపి పెట్టారు. మొదటి ముద్ద చేతిలో పట్టుకుని కాసేపు చూసింది. తరవాత తింది. రెండోసారి వడ్డించమని తనే అడిగింది.

దోసలంకకి ఆ సాయంత్రమే పక్షిరహిత పురస్కారం ప్రకటించారు. నివేదికలో నా పేరు కూడా రాశారు.

ఇప్పుడు నా డ్యూటీ రేవులోనే. తదుపరి ఉత్తర్వులు వస్తేగాని పాత ఉత్తర్వు తొలగదు. తదుపరి ఉత్తర్వులు ఇవ్వాల్సింది దోసలంక కార్యాలయంలో కూర్చుని సంచాలకులవారు. సంచాలకులవారు అవతలి ఒడ్డున ఉన్నారు. రోజూ పొద్దున్నే సూటుకేసు పట్టుకుని వచ్చి పంటు కోసం నిలబడతారు. "మావయ్యా, ఎక్కించుకోమంటావా?" అని ఏడుకొండలు అక్కణ్ణుంచి కేకేస్తాడు. నేను రేకు మోగిస్తాను. ఆయన కాలు వెనక్కి తీసుకుంటారు. ఈ పెద్దకాకిని కాచుకునేసరికే పొద్దు వాలిపోతోంది. చిన్నకాకులు నా నెత్తిమీదుగానే ఏరు దాటి వస్తున్నాయనీ, కొబ్బరిచెట్ల మీద వలలు పీకి గూళ్ళు కట్టుకుంటున్నాయనీ ఊళ్ళో చెప్పుకుంటున్నారు. అయ్యుండొచ్చు. నాకు తలెత్తి చూసే తీరిక లేదు.